క్లామ్ కొంటున్నారా? రంగు చూసి మోసపోకండి, అడుగు చూడండి

డాలస్ చుట్టుపక్కల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టుకున్న మనవాళ్లందరికీ చెప్తున్నా. పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర మూడంగుళాల మాక్సిమా రకం క్లామ్ (రెండు చిప్పలుండే సముద్రజీవి) కొన్నాను. షిప్పింగ్‌తో కలిపి 180 డాలర్లు. ఫోటోలో నెమలి కంఠంలాంటి నీలం. ఇంకేమీ అడగకుండా డబ్బు కట్టేశాను, నాదే తప్పు.

బాక్స్ విప్పితే బతికే ఉంది. తిప్పి చూస్తే చిప్పల కీలు దగ్గరుండే రంధ్రంలోంచి తెల్లటి కండ పీలికలా వేలాడుతోంది. అదేంటో నాకప్పుడు తెలీదు. మాక్సిమా, క్రోసియా రకం క్లామ్‌లు ఆ రంధ్రంలోంచే పోగులు వదిలి రాయిని పట్టుకుంటాయి. పోగుల్ని బ్లేడుతో కోస్తే మళ్లీ పుట్టించుకుంటాయి. పట్టి లాగితే మాత్రం పోగులు పుట్టే కండే చిరిగిపోతుంది. నాకొచ్చింది అలా పీకిన సరుకు.

పైగా 'ఇసుకలో పెట్టేయండి, చాలు' అన్నాడు అమ్మినతను. ఆ మాట డెరాసా, స్క్వామోసా రకాలకి సరిపోతుంది. మాక్సిమాకి మాంటిల్‌లో, అంటే చిప్పల మధ్య పరుచుకునే రంగు కండలో, ఉండే సూక్ష్మ నాచే వెలుగుతో తిండి తయారుచేసి పెట్టాలి. అందుకే దాన్ని గట్టి లైటు పడేలా పైనున్న రాతి మీద పెట్టాలి. నేనేమో ఇరవై అంగుళాల లోతులో పెట్టాను.

నాలుగో రోజు పైన చెయ్యి ఆడిస్తే కదల్లేదు. బాగున్న క్లామ్ నీడ పడగానే టక్కున ముడుచుకుంటుంది. ఇది మాత్రం నోరు వెళ్లబెట్టుకుని అలాగే ఉంది. ఆరో రోజు పొద్దున మూత తీస్తే కుళ్లిన రొయ్యల కంపు. 'ఆ డబ్బుకి ఎన్ని కిలోల రొయ్యలొచ్చేవో' అని మా ఆవిడ. అమోనియా పెరిగి పక్కన రెండు కోరల్స్ కూడా ముడుచుకుపోయాయి, సగం నీళ్లు మార్చాల్సొచ్చింది.

డబ్బు అడిగితే, 'ప్రాణంతో చేరితే మా గ్యారంటీ అయిపోయినట్టే' అన్నాడు. పీకిన క్లామ్ చావడానికి రోజులు పడుతుంది కదా, ఆ గ్యారంటీ ఎవరికి?

కొనేముందు రెండు వీడియోలు అడగండి: నీడ పడినప్పుడు ముడుచుకునేది ఒకటి, అడుగుభాగం కనిపించేది ఇంకోటి. అతుక్కున్న రాతిముక్కతో సహా ఇస్తే ఇంకా మంచిది.

హైదరాబాద్, వైజాగ్ వాళ్లు అసలు ఆ జోలికే పోవద్దు. మాక్సిమా, స్క్వామోసా రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. గుట్టుగా తెచ్చిస్తామనేవాళ్లను నమ్మి కేసులో ఇరుక్కోకండి.

నిన్న ఇంకో అమ్మకందారుని అడుగు వీడియో అడిగాను. 'రంగు చూడండి సార్, అదిరిపోద్ది' అని మళ్లీ పైనుంచి తీసిన ఫోటోనే పంపాడు. వద్దన్నాను.