కెట్టెన్‌క్రాడ్ 1/35 మోడల్ కిట్: ఓపిక ఉంటే కొనండి

ముందు నుంచి చూస్తే మోటార్‌సైకిల్, వెనక నుంచి చూస్తే బుల్లి ట్యాంకు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పర్వత దళాలు, పారాట్రూపర్ల కోసం ఎన్‌ఎస్‌యూ కంపెనీ తయారుచేసిన బండి ఇది, యుంకర్స్ 52 విమానంలో పట్టేంత చిన్నది. అసలు బండికి 35వ వంతు సైజులో, ముక్కలు అతికించి కట్టుకునే ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది ఇంజనే. డ్రైవర్ వెనకాల ఉండే ఓపెల్ ఒలింపియా కారు ఇంజన్, 36 హార్స్‌పవర్‌ది, మూత తెరిచి చూపించుకునేంత చక్కగా ఇచ్చారు.

అసలు టెన్షన్ ట్రాకులతోనే, అంటే వెనక చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలతో. ఒక్కో లింకూ కత్తిరించాలి, అంచులు గీకాలి, ఆపైన రబ్బరు ప్యాడ్ అతికించాలి, అదీ మినప గింజంత ముక్క, పట్టకారు జారితే ఇక దొరకదు. చక్రాలు ఒకదాన్నొకటి కప్పుకుని ఉంటాయి కాబట్టి బిగించాక లోపలి వాటికి బ్రష్ అందదు, రంగు ముందే వేసేయండి.

అసలు బండిలో హ్యాండిల్ కొంచెం తిప్పితే ముందు చక్రమే తిరుగుతుంది, ఇంకా తిప్పితే ఆ పక్క ట్రాక్‌కి బ్రేక్ పడుతుంది. ఇంత అద్భుతమైన ఏర్పాటుకి సంబంధించిన రాడ్లు కిట్‌లో లేవు, ఈ ధరకి ఇది అన్యాయం.

రంగుల షీట్‌లో ముదురు పసుపు ఒక్కటే ఉంది. అది 1943 ఫిబ్రవరి నుంచి వచ్చిన రంగు, అంతకుముందు కాలం నాటి బండిగా కట్టేవాళ్లు ముదురు బూడిద వేయండి. కొండ సీన్ కడుతుంటే పక్కన ఒక కంచర గాడిదను తప్పకుండా పెట్టండి, నిటారు దారుల్లో పర్వత దళాల బరువు మోసింది ఎక్కువగా అవే. మొదటిసారి కిట్ కట్టేవాళ్లకి మాత్రం ఇది వద్దు.