స్టోరు బియ్యం: చౌకే, చౌకబారు కాదు

బోర్డు మీద 'చౌక ధరల దుకాణం' అని రాసుంటుంది. చిత్తూరులో ఆ పేరుతో పిలిచేవాళ్ళు అరుదు. అది స్టోరు, అక్కడిచ్చేది స్టోరు బియ్యం. 'చౌక' మాత్రం బోర్డుకే మిగిలిపోయింది.

చౌక అంటే తక్కువ ధర, తెలంగాణవాళ్ళ అగ్గువ. 'బారు' తగిలిస్తే నాసిరకం. సంగీతం నేర్చినవాళ్ళ దగ్గరికెళితే చౌకం అంటే నెమ్మది, చౌక వర్ణాన్ని నింపాదిగానే పాడాలి. జనం స్టోరుకు ఈ మూడర్థాలూ అంటగడతారు. మొదటిది నిజం, నెమ్మది సగం నిజం. నాసిరకమన్న మాట దగ్గరే తగాదా.

ధర సంగతి తేలిక. 1983లో ఎన్టీఆర్ తిరుపతి నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయ్యాక కిలో రెండు రూపాయలకు బియ్యం వచ్చింది. 2011లో, మన ఉమ్మడి జిల్లావాడే అయిన కిరణ్ కుమార్ రెడ్డి హయాంలో అది రూపాయి అయింది. 2023 జనవరి నుంచి కేంద్ర పథకం కింద ఉచితం. మామూలు కార్డుకు తలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు ఇంటికి 35 కిలోలు. బియ్యానికి పైసా తీసుకోని చోటుకు ఇంకా 'చౌక' పేరే ఉండటం కొంచెం తమాషా.

2025 జూన్ నుంచి వీధుల్లోకి వచ్చే బండ్లు పోయి మళ్ళీ దుకాణాల్లోనే ఇస్తున్నారు. ఒకటో తేదీ నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. ఆలస్యమంతా వేలిముద్ర మిషను దగ్గరే. పొలం పని, గిన్నెల పని చేసే చేతుల మీద గీతలు అరిగిపోయుంటాయి, తడి ఉంటే అసలే పడదు. చెయ్యి కడిగి పొడిగుడ్డతో తుడుచుకుని, బొటనవేలు పడకపోతే వేరే వేలు పెట్టండి. అప్పటికీ కాకపోతే కంటిపాప మిషను అడగండి. 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, వికలాంగులకు ఇంటికే తెచ్చివ్వాలని నియమం ఉంది. అడగనిదే ఎవరూ చెప్పరు.

తూకంలో చూడాల్సింది ఒకటే: బకెట్టు పెట్టాక కాటా సున్నా చూపించాలి. సున్నా కాకముందే బియ్యం పోస్తే బకెట్టు బరువు మీ లెక్కలో పడుతుంది.

ఇక బియ్యం. 'ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారు' అన్న మాట ఇప్పటికీ తిరుగుతోంది. అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, మిషన్లో ఒత్తి గింజలాగా చేస్తారు. కలిపిన బియ్యంలో ఇవి వంద కిలోలకు ఒక కిలో లెక్కన ఉంటాయి. ఒత్తిన గింజ కాబట్టి రంగు కాస్త తేడాగా ఉంటుంది, కొన్ని నీళ్ళలో తేలతాయి. వాటినే ఏరి పారేస్తే మందు పారేసినట్టే. నాలుగైదు నీళ్ళు పోసి కడిగినా, గంజి వార్చినా ఆ విటమిన్లు కొంత పోతాయి. ఒకటి రెండు సార్లు కడిగి, ఎసరు సరిపడా పోసి వండితే చాలు.

సోనామసూరి అలవాటైన నోటికి ఈ లావు అన్నం రుచించదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ సంగటికి దీని ముందు సోనామసూరి దండగ. గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, ఐదు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడకనిచ్చి, గంజి ఉండగానే గ్లాసున్నర రాగిపిండి కుప్పగా పొయ్యాలి. అప్పుడే కలపకూడదు. కట్టెతో మధ్యలో బొక్క చేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు వదిలెయ్యాలి. తొందరపడి గెలికితే పచ్చిపిండి ఉండలు కట్టి, ఎంత గెలికినా విడవవు. పిండి ఆవిరికి ఉడికాక గెలికితే నున్నగా వస్తుంది. పక్కన ఊరుబిండి పచ్చడి ఉంటే ఇక బియ్యం ఎక్కడిదని ఎవరూ అడగరు.

ఇడ్లీకి నాలుగు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు ఉద్దిపప్పు (మినప్పప్పు), దోసెకు మూడింటికి ఒకటి, చెంచా మెంతులు. ఐదారు గంటలు నానాలి.

పురుగు పడితే ఎండలో పోస్తారు చాలామంది. గట్టి ఎండకు గింజ పగిలి నూకవుతుంది. నీడలో, గాలి తగిలే చోట ఆరబోసి, జల్లించి, బాగా ఆరిన డబ్బాలో ఎండు వేపాకు వేసి పెట్టండి. పాత బియ్యం అడుగున ఉండగా దాని మీదే కొత్తవి పొయ్యకండి, పురుగు అడుగునుంచే పైకొస్తుంది.