మూడు బంతుల స్పైరోమీటర్: ఊదడానికి కాదు, పీల్చడానికి

అమ్మకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ జరిగిన మరునాడు, ఊపిరితిత్తులకు వ్యాయామం ఇచ్చే ఈ పరికరాన్ని ఆసుపత్రి మందుల దుకాణంలో 280 రూపాయలకు కొన్నాను. పక్కపక్కనే మూడు ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కొక్క దానిలో ఒక రంగు బంతి, పక్కన మడతల పైపు, దాని చివర నోట్లో పెట్టుకునే పీక. కోవిడ్ కాలంలో చాలా ఇళ్లకు చేరిన వస్తువే ఇది. ఆరు వారాలు దీని వాడకాన్ని దగ్గరుండి చూశాను కనుక, కొనాలనుకునేవారి కోసం వివరంగా రాస్తున్నాను.

మొదటిరోజు అమ్మ పీకను నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది. బంతులు కదలలేదు. "ఇది పాడైనట్టుందిరా" అని నా చేతికిచ్చేసింది. ఫిజియోథెరపిస్టు నవ్వి, "బూర ఊదినట్టు కాదమ్మా, కొబ్బరిబోండాం స్ట్రాతో తాగినట్టు మెల్లగా లోపలికి లాగండి" అని చెప్పగానే మొదటి బంతి పైకి లేచింది. పెట్టెలోని సూచనల కాగితం ఇంగ్లీషులో, అదీ చీమతలకాయలంత అక్షరాలలో ఉంది. ఈ ఒక్క మాటను తెలుగులో పెద్దగా ముద్రించి ఉంటే ఎందరో పెద్దవాళ్లకు మేలు జరిగేది.

కుట్ల నొప్పికి భయపడి రోగి పైపైన ఊపిరి తీసుకుంటుంటే, ఊపిరితిత్తుల అడుగుభాగంలోని వాయుగోణులు (గాలి నిండే చిన్నచిన్న సంచులు) ముడుచుకుపోతాయి. అక్కడ కఫం నిలిస్తే న్యుమోనియాకు దారి తీయవచ్చు. నిండుగా పీల్చి రెండు మూడు క్షణాలు నిలిపితే అవి మళ్లీ విచ్చుకుంటాయి. మెలకువగా ఉన్నంతసేపు గంటకు పదిసార్లు చేయమన్నారు. నిటారుగా కూర్చోవాలి, పరికరాన్ని వంచకుండా పట్టుకోవాలి, దగ్గేటప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి.

ఈ పరికరంలో ఒక చిక్కు ఉంది. గొట్టాల మీద ఉన్న 600, 900, 1200 అనే అంకెలను చాలామంది ఊపిరితిత్తులలో పట్టే గాలి పరిమాణం అనుకుంటారు. నిజానికి అవి సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల చొప్పున గాలి లోపలికి వెళుతోందో తెలిపే వేగం మాత్రమే. ఒక్క ఉదుటున లాగి మూడు బంతులనూ అరసెకను ఎగరేస్తే వెళ్లేది సుమారు 600 మిల్లీలీటర్లు, ఒకే బంతిని మూడు సెకన్లు నిలబెడితే వెళ్లేది దాదాపు 1800. మా అమ్మ కూడా మూడో బంతి కోసం పట్టుబట్టి, వరసగా లాగి, కళ్లు తిరిగి ఆగిపోయింది. గబగబా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది. అందుకే రెండు శ్వాసల మధ్య కాసేపు మామూలుగా ఊపిరి తీసుకోవాలి. ఎన్ని బంతులు లేచాయన్నది పక్కనపెట్టి, ఒక్కటి ఎంతసేపు నిలిచిందో చూడమని నా సలహా.

ఊపిరి వదలడాన్ని మాత్రం ఈ పరికరం నేర్పదు. మనసు కుదుటపడటానికి, గుండె వేగం నెమ్మదించడానికి తోడ్పడేది ముఖ్యంగా ఆ నిదానమైన నిశ్వాసమే. దానికి ఏ వస్తువూ అక్కరలేదు: ఒక చెయ్యి పొట్ట మీద ఉంచి, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేవరకు పీల్చినప్పుడు ఆ చెయ్యి పైకి లేవాలి, ఆరు లెక్కపెడుతూ వదిలినప్పుడు దిగాలి. అలా నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. ప్రతి శ్వాసలోనూ 150 మిల్లీలీటర్ల వరకు గాలి శ్వాసనాళాలలోనే ఉండిపోతుంది కనుక, తక్కువసార్లు నిండుగా పీల్చడమే లాభం. రక్తపోటు ఉన్నవారికి ఈ సాధన కొంత సాయపడుతుంది గానీ మాత్రలకు బదులు కాదు.

ఆపరేషన్ తరువాత ఈ పరికరం వాడినవారికీ, ఊరికే దీర్ఘశ్వాస సాధన చేసినవారికీ మధ్య స్పష్టమైన తేడా కనబడలేదని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. అయినా నేను దీన్ని కొనమనే చెబుతాను, ఎందుకంటే "అమ్మా, ఊపిరి పీల్చు" అని పదిసార్లు చెప్పినా కదలని మనిషి, కళ్లెదుట బంతి లేస్తుంటే తనంతట తానే చేసింది. ఆస్తమా ఉన్నవారు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగాకే వాడాలి. ఒకరిది మరొకరు వాడకూడదు. పీకను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మాకు వచ్చినదానిలో పైపు వదులుగా ఉండి గాలి పోయేది, మార్చి తెచ్చుకున్నాం. కాబట్టి దుకాణంలోనే పైపు బిగించి చూసుకుని తీసుకోండి.