అమెరికా సిటిజెన్‌తో పెళ్లి: కె-1 మేలా, సీఆర్-1 మేలా?

అబ్బాయి అమెరికా సిటిజెన్, అమ్మాయి గుంటూరులో. నిశ్చితార్థం అయిపోయింది. ఇక ఉన్నవి రెండు దారులు.

కె-1 కాబోయే భార్యకిచ్చే వీసా. అక్కడ దిగిన 90 రోజుల్లో పెళ్లి చేసుకుని, తర్వాత గ్రీన్ కార్డుకి ఐ-485 అనే దరఖాస్తు వేయాలి. అంటే ఫీజులూ, కాగితాల పనీ రెండుసార్లు. పర్మిట్ చేతికొచ్చేదాకా ఉద్యోగం చేయకూడదు. ముందస్తు అనుమతి లేకుండా ఇండియా వస్తే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. నాన్నకి ఒంట్లో బాలేదని ఫోన్ వస్తే ఆ పిల్ల ఏం చేయాలి? ఇంకో మాట, ఇక్కడే తాళి కట్టించేస్తే కె-1 కుదరదు.

సీఆర్-1 పెళ్లయ్యాక భార్యకిచ్చే వీసా. మ్యారేజ్ సర్టిఫికెట్, పెళ్లి ఫొటోలు, శుభలేఖ జత చేసి భర్త ఆమె కోసం ఐ-130 అనే దరఖాస్తు వేస్తాడు. ఎదురుచూపంతా పుట్టింట్లోనే, అదే కష్టం. కానీ విమానం దిగిన రోజు నుంచే ఆమె పర్మనెంట్ రెసిడెంట్, అంటే గ్రీన్ కార్డు మనిషే. ఉద్యోగానికి వేరే పర్మిట్ అక్కర్లేదు.

నన్నడిగితే సీఆర్-1 అనే చెప్తాను. పెళ్లయి 2 ఏళ్లు నిండకముందే గ్రీన్ కార్డు వస్తే, ఏ దారిలోనైనా అది 2 ఏళ్ల కార్డే. గడువు తీరే ముందు 90 రోజుల్లో, ఆ షరతు తీసేయమని ఐ-751 అనే దరఖాస్తు వేయాలి. కార్డు రాగానే ఆ తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.