వర్చువల్ మెషిన్‌లో విలువల రూపం: స్ట్రక్టా, ట్యాగ్ పాయింటరా, నాన్ బాక్సింగా? ఏది మేలు?

సొంతంగా ప్రోగ్రామింగ్ భాష రాయడం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ సమయం పార్సర్ (రాసిన కోడ్‌ను చదివి విడదీసే భాగం) మీదే పెడతారు. పార్సర్‌ను ఎప్పుడైనా తిరగరాసుకోవచ్చు, మిగతా కోడ్‌కు పెద్దగా దెబ్బ తగలదు. వర్చువల్ మెషిన్ (ఆ భాషలోని ప్రోగ్రాములను నడిపే భాగం) లోపల ఒక విలువ ఏ రూపంలో ఉండాలన్న నిర్ణయం అలా కాదు. స్టాక్, హాష్ టేబుల్, గార్బేజ్ కలెక్టర్ (అక్కర్లేని మెమరీని వెనక్కి తీసుకునే భాగం), లైబ్రరీ ఫంక్షన్లు అన్నీ దాని మీదే నిలబడతాయి. అన్నీ కట్టేశాక దాన్ని మార్చాలంటే ప్రతి ఫైలూ తెరవాలి. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా ఆ ఒక్క నిర్ణయం గురించే.

డైనమిక్ భాషలో ఒకే వేరియబుల్‌లో ఇప్పుడు ఇంటిజర్ ఉంటుంది, కాసేపటికి స్ట్రింగ్ రావచ్చు. కాబట్టి విలువతో పాటు దాని రకమూ ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. అన్నిటికంటే తేలికైన దారి, ప్రతిదాన్నీ హీప్‌లో (అవసరమైనప్పుడు అడిగి తీసుకునే మెమరీలో) ఆబ్జెక్ట్‌గా పెట్టి పాయింటర్, అంటే దాని చిరునామా, పట్టుకోవడం. పైథాన్ భాషను నడిపే సీపైథాన్ చేసేది అదే. 64 బిట్ మెషిన్ మీద అందులో ఒక ఫ్లోట్‌కు 24 బైట్లు పడతాయి: రిఫరెన్స్ కౌంట్‌కు (ఎన్ని చోట్ల వాడుతున్నారన్న లెక్కకు) 8, రకం పాయింటర్‌కు 8, అసలు సంఖ్యకు 8. ఆ ఖర్చు కొంత తగ్గించడానికే -5 నుంచి 256 వరకు ఇంటిజర్లను ముందే తయారుచేసి పెట్టుకుంటుంది. సీ ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్లకు ఈ పద్ధతి ఎంతో సుఖం. కానీ కొత్తగా మొదలుపెట్టే భాషకు దీన్ని నేను సూచించను. రెండు చిన్న సంఖ్యలు కూడడానికి కూడా పాయింటర్ల వెంట పరుగెత్తాలి, మెమరీ అడగాలి. మిగిలిన మూడు దారుల్లోనే అసలు పోటీ.

ట్యాగ్ ఉన్న స్ట్రక్ట్

రకం చెప్పే చిన్న ట్యాగ్, దాని పక్కన 8 బైట్ల యూనియన్ (ఒకే చోటును ఏ రకం విలువకైనా వాడుకునే ఏర్పాటు). లువా 5.4 వాడేది ఇదే. ట్యాగ్‌కు ఒక్క బైటు చాలినా అలైన్‌మెంట్ (8 బైట్ల విలువ 8 బైట్ల సరిహద్దు మీదే మొదలవ్వాలన్న నియమం) వల్ల మొత్తం 16 బైట్లు అవుతుంది, 7 బైట్లు ఖాళీగా పోతాయి. పోనివ్వాలన్న రూలేమీ లేదు. 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లో కూడా విలువకు 16 బైట్లే. అందులో మిగిలిన 4 బైట్లలో హాష్ టేబుల్ గొలుసులో తర్వాతి అంశం ఎక్కడుందో రాసుకుంటారు. ఖాళీని ఇంత చక్కగా వాడుకున్న డిజైన్లు తక్కువ.

స్ట్రక్ట్‌లో ఏదీ దాగి ఉండదు. డీబగ్గర్‌లో ఆపి చూస్తే రకం, విలువ రెండూ నేరుగా కనిపిస్తాయి. పూర్తి 64 బిట్ ఇంటిజర్, పూర్తి డబుల్ (64 బిట్ల దశాంశ సంఖ్య), ఏ ప్రాసెసర్ ఇచ్చిన పాయింటరైనా కోత లేకుండా పడతాయి.

లోపం సైజులో ఉంది. 64 బైట్ల క్యాష్ లైనులో (ప్రాసెసర్ ఒక్కసారిగా తెచ్చుకునే మెమరీ ముక్కలో) 8 విలువలు పట్టాల్సిన చోట 4 పడతాయి. లినక్స్‌లో ఈ స్ట్రక్ట్ రెండు రిజిస్టర్లలో ఫంక్షన్ల మధ్య తిరిగినా, 64 బిట్ విండోస్‌లో 8 బైట్లు దాటిన స్ట్రక్ట్ మెమరీ ద్వారానే వెళ్తుంది. థ్రెడ్లు ఉన్న భాషకు ఇంకో చిక్కు ఉంది. ఒక థ్రెడ్ ట్యాగ్ రాసి విలువ రాయబోయేలోపు మరో థ్రెడ్ చదివితే, ఇంటిజర్‌ను పాయింటర్ అనుకునే ప్రమాదం. 8 బైట్ల విలువ అయితే ఒకే దెబ్బలో రాసేయొచ్చు.

ట్యాగ్ పాయింటర్

హీప్‌లో ఆబ్జెక్టులు 8 బైట్ల సరిహద్దు మీద మొదలైతే, వాటి చిరునామాల్లో చివరి మూడు బిట్లు ఎప్పుడూ సున్నాలే. ఆ ఖాళీ బిట్లలో రకం రాసుకోవడం చాలా పాత కిటుకు. ఓకామెల్‌లో చివరి బిట్ 1 అయితే అది ఇంటిజర్, అందుకే అక్కడ ఇంటిజర్ 63 బిట్లే. క్రోమ్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 ఇంజన్‌లో దీనికి తలకిందులు: చివరి బిట్ 0 అయితే చిన్న ఇంటిజర్, 1 అయితే హీప్ ఆబ్జెక్ట్.

ఈ చిన్న తేడా వల్ల ఏమవుతుందో కూడికలో చూడండి. వీ8 పద్ధతిలో, చివర ఒక్క ట్యాగ్ బిట్టే ఉన్నప్పుడు, 5ను 10గా, 7ను 14గా దాస్తారు. ఆ రెండూ కూడితే 24. అది 12 దాచిన రూపమే, ఇంకేమీ చేయక్కర్లేదు. ఓకామెల్ పద్ధతిలో 5 అంటే 11, 7 అంటే 15. కూడితే 26, అందులోంచి 1 తీసేస్తే 25, అది 12 దాచిన రూపం. ఒక్క తీసివేత అదనం, అంతే. దానికి బదులు ఓకామెల్‌లో పాయింటర్లు ఏ మార్పూ లేకుండా శుభ్రంగా ఉంటాయి. వీ8లో ఆబ్జెక్ట్ ఫీల్డ్ చదివేటప్పుడు ఆ 1ని ఆఫ్‌సెట్‌లోనే తగ్గించేస్తారు కాబట్టి అక్కడా విడిగా ఖర్చు పడదు. రెండూ ఆలోచించి చేసినవే.

ఈ పద్ధతికి అసలు గండం డబుల్ సంఖ్యలు. 64 బిట్ల డబుల్‌లో ట్యాగ్‌కు చోటు లేదు, హీప్‌కు వెళ్లాల్సిందే. రూబీ 2.0 (2013) దీనికి మంచి మధ్యేమార్గం తెచ్చింది. ఘాతాంకం మామూలు పరిధిలో ఉన్న డబుల్స్‌ను, అంటే పరిమాణం సుమారు 10 ఘాతం -77 నుంచి 10 ఘాతం 77 మధ్య ఉన్నవాటిని, బిట్లు తిప్పి పాయింటర్ స్థలంలోనే సర్దుతుంది. మిగతావి హీప్‌కు పోతాయి. రోజువారీ లెక్కలు దాదాపు అన్నీ ఆ పరిధిలోనే ఉంటాయి కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది.

నాన్ బాక్సింగ్

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన కిటుకు. ఐఈఈఈ 754 డబుల్‌లో 1 బిట్ గుర్తుకు, 11 ఘాతాంకానికి, 52 భిన్న భాగానికి. ఘాతాంకం బిట్లన్నీ 1 అయి, భిన్న భాగం సున్నా కాకపోతే అది నాన్, అంటే సంఖ్య కానిది. అలాంటి బిట్ వరుసలు 9,000 లక్షల కోట్లకు పైగా ఉన్నాయి. సున్నాను సున్నాతో భాగించినప్పుడు ప్రాసెసర్ ఇచ్చేది అందులో ఒక్కటే. మిగతావాటిలో పాయింటర్లు, 32 బిట్ ఇంటిజర్లు, నిజం, అబద్ధం, నిల్ అన్నీ దాచుకోవచ్చు. మామూలు ప్రోగ్రాములకు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే చిరునామాలు 48 బిట్లు దాటవు కాబట్టి చోటు సరిపోతుంది. లువాజిట్, ఫైర్‌ఫాక్స్‌లోని స్పైడర్‌మంకీ, సఫారీలోని జావాస్క్రిప్ట్‌కోర్ వాడేది ఈ కుటుంబాన్నే. వీటిలో జావాస్క్రిప్ట్‌కోర్ డబుల్స్‌కు ఒక స్థిరసంఖ్య కలిపి దాస్తుంది, పాయింటర్లను ముట్టుకోదు. దానివల్ల స్టాక్‌ను గుడ్డిగా గాలించే గార్బేజ్ కలెక్టర్‌కు కూడా పాయింటర్లు కనిపిస్తాయి.

మరి అందరూ ఇదే ఎందుకు వాడరు? మూడు కారణాలు.

ఒకటి, 64 బిట్ ఇంటిజర్ ఇందులో పట్టదు. లువా 5.2లో 32 బిట్ మెషిన్ల కోసం ఈ కిటుకు ఉండేది. 64 బిట్ ఇంటిజర్లు వచ్చిన 5.3లో అది లేదు.

రెండు, సమానత్వం. రెండు విలువల 64 బిట్లు ఒకటేనా అని చూస్తే చాలు అనిపిస్తుంది, కానీ చాలదు. నాన్ తనతో తాను సమానం కాకూడదు, బిట్లు మాత్రం ఒకటే. +0, -0 సమానం కావాలి, బిట్లు వేరు. డబుల్స్‌ను విడదీసి డబుల్స్‌గానే పోల్చాలి. ఆ మాటకొస్తే స్ట్రక్ట్ వాళ్లూ బైట్లను గంపగుత్తగా పోల్చకూడదు, మధ్యలో వాడని 7 బైట్లలో చెత్త ఉండొచ్చు.

మూడోది భద్రత, అన్నిటికంటే దీనికే ఎక్కువ టెన్షన్ పడాలి. మీ భాషలో ఫైల్ నుంచో బైట్ల అర్రే నుంచో 8 బైట్లు తీసి డబుల్‌గా చదివే సదుపాయం ఉందనుకుందాం. ఎవరో కావాలని మీ పాయింటర్ ట్యాగ్ బిట్లతో ఒక నాన్ తయారుచేసి ఇచ్చారు. మీ వర్చువల్ మెషిన్ దాన్ని నిజమైన పాయింటర్ అనుకుని ఆ చిరునామాకు వెళ్తుంది. ఏ చిరునామా అన్నది దాడి చేసేవాడి ఇష్టం. కాబట్టి బయటి నుంచి వచ్చే ప్రతి డబుల్‌ను తనిఖీ చేసి, నాన్ అయితే దాన్ని ఒకే ప్రామాణిక రూపానికి మార్చాలి. ఒక్క చోట మర్చిపోయినా కొంప మునుగుతుంది.

ఎంచుకునే ముందు లెక్క

10 లక్షల డబుల్స్ ఉన్న అర్రే తీసుకుందాం. స్ట్రక్ట్‌తో 1.6 కోట్ల బైట్లు. నాన్ బాక్సింగ్‌తో 80 లక్షలు. హీప్ హెడర్ (ఆబ్జెక్ట్ మొదట్లో దాని వివరాలు రాసుకునే చోటు) 8 బైట్లే అనుకుంటే ట్యాగ్ పాయింటర్‌తో 2.4 కోట్లు. సీపైథాన్ లిస్టుతో 3.2 కోట్లు. పైగా చివరి రెండింటిలో 10 లక్షల చిన్న ఆబ్జెక్టుల్ని విడివిడిగా పుట్టించి, వదిలించుకునే పని కూడా పడుతుంది. అదే అర్రేలో చిన్న ఇంటిజర్లే ఉంటే ట్యాగ్ పాయింటర్ కూడా 80 లక్షలకు దిగుతుంది. వీ8 ఈ గండాన్ని వేరే దారిలో దాటింది: అన్నీ డబుల్సే ఉన్న అర్రేను గుర్తుపట్టి, సంఖ్యల్ని ట్యాగ్ లేకుండా పక్కపక్కనే పేరుస్తుంది.

నా తీర్పు ఇది. జాబితాలు, చెట్లు, చిన్న ఇంటిజర్లు ఎక్కువగా తిరిగే భాషకు ట్యాగ్ పాయింటర్. గ్రాఫిక్స్, ఆటలు, సైన్స్ లెక్కలు, సంఖ్యలన్నీ డబుల్సే అయిన భాషలకు నాన్ బాక్సింగ్. 64 బిట్ ఇంటిజర్ తప్పదంటే స్ట్రక్ట్. మొదటి వెర్షన్ రాస్తున్నవాళ్లెవరికైనా స్ట్రక్టే మేలు. భాష ఇంకా నడవని దశలో నాన్ బాక్సింగ్ తలకెత్తుకోవడం గోటితో పోయేదానికి గొడ్డలి వాడటం. ఒక్క షరతు మాత్రం గట్టిగా పాటించాలి. ఆ స్ట్రక్ట్ ఫీల్డులను ఒక్క హెడర్ ఫైలులోని ఇన్‌లైన్ ఫంక్షన్లు తప్ప ఇంకెవరూ తాకకూడదు. "ఇది ఇంటిజరేనా", "ఇందులోంచి డబుల్ తీయి", "పాయింటర్‌ను విలువగా మార్చు" లాంటి ఇరవై ముప్పై ఫంక్షన్లు చాలు. రేపు 8 బైట్లకు మారాలంటే ఆ ఒక్క ఫైలే మారుతుంది.

స్ట్రింగులు, హాష్ టేబుల్

ఇక్కడ సందేహించాల్సింది తక్కువ. పేర్లుగా వాడే చిన్న స్ట్రింగులను ఇంటర్న్ చేయండి, అంటే ఒకే అక్షరాల స్ట్రింగ్ మెమరీలో ఒక్కటే ఉండేలా చూడండి. అప్పుడు హాష్ టేబుల్లో వెతుకులాట పాయింటర్ పోలికతో తేలిపోతుంది. అన్నిటినీ ఇంటర్న్ చేస్తే పెద్ద ఫైల్ మొత్తం ఒక స్ట్రింగ్‌గా చదివినప్పుడు అనవసరంగా హాష్ లెక్క పడుతుంది. 40 బైట్ల వరకే ఇంటర్న్ చేస్తున్న లువా పద్ధతి సరైనది.

టేబుల్ గొలుసులతోనా, ఓపెన్ అడ్రసింగ్‌తోనా (గుంత నిండితే అదే టేబుల్లో మరో ఖాళీ వెతకడం) అంటే ఓపెన్ అడ్రసింగే. విడి నోడ్లకు మెమరీ అడగక్కర్లేదు, క్యాష్‌కు అనుకూలం. తీసేసిన చోట సమాధి గుర్తు (ఇక్కడ ఒకప్పుడు ఎంట్రీ ఉండేదని చెప్పేది) పెట్టడం, అవి పెరిగిపోయినప్పుడు టేబుల్‌ను తిరిగి కట్టడం మాత్రం మర్చిపోకూడదు. చొప్పించిన వరుస నిలవాలంటే పైథాన్ 3.6 దారి చూడండి: ఎంట్రీలు వరుసగా ఒక అర్రేలో, వాటి స్థానాలు మాత్రం వేరే చిన్న పట్టికలో. మీ భాష నెట్‌వర్క్ మీద పనిచేసేదైతే హాష్‌కు యాదృచ్ఛిక విత్తనం (బయటివాళ్లు ఊహించలేని ప్రారంభ సంఖ్య) తప్పనిసరి. ఒకే గుంతలో పడే కీలు పంపి సర్వర్లను స్తంభింపజేయొచ్చని 2011 చివర్లో బయటపడ్డాక పైథాన్, రూబీ, పీహెచ్‌పీ అన్నీ ఏదో ఒక జాగ్రత్త తీసుకోవాల్సి వచ్చింది.

కాల్ ఫ్రేములు: ఒకే స్టాకా, హీప్‌లో విడివిడిగానా?

కోరొటీన్లు, జనరేటర్లు (మధ్యలో ఆగి తర్వాత కొనసాగే ఫంక్షన్లు) తేలిగ్గా కావాలంటే ఫ్రేములు (ఒక్కో ఫంక్షన్ కాల్ తాలూకు విలువలు ఉండే చోట్లు) హీప్‌లో ఉండటం సుఖం, కానీ ప్రతి కాల్‌కూ మెమరీ ఖర్చు. సీపైథాన్ చాలాకాలం ఫ్రేముకో ఆబ్జెక్ట్ తయారుచేసి, 2022లో వచ్చిన 3.11లో వాటిని పక్కపక్కనే పేర్చే పద్ధతికి మారింది. నేనైతే ఒకే స్టాక్, అవసరమైతే పెరిగేది అంటాను. ఇందులో ఒక ఉచ్చు ఉంది. స్టాక్ నిండి కొత్త చోటికి మారిన క్షణంలో, లోపలికి చూపే పాత పాయింటర్లన్నీ చచ్చిపోతాయి. కాల్ ముందు ఆర్గ్యుమెంట్ చిరునామా తీసుకుని, కాల్ తర్వాత అందులోకి ఫలితం రాసిన కోడ్ రోజువారీ పరీక్షలన్నీ నెగ్గుతుంది. రికర్షన్ లోతుగా వెళ్లిన రోజున కూలుతుంది. స్టాక్‌లోకి పాయింటర్ బదులు మొదటి నుంచి ఎంత దూరమన్న సంఖ్య దాచుకుంటే ఈ బాధ ఉండదు. క్లోజర్లు (బయటి వేరియబుల్స్‌ను గుర్తుంచుకునే ఫంక్షన్లు) పట్టుకున్న పాయింటర్లను మాత్రం స్టాక్ కదిలినప్పుడల్లా సరిచేయాలి. పరీక్షల బిల్డ్‌లో ప్రతి కాల్‌కూ స్టాక్‌ను కావాలనే కదిలించండి, ఇలాంటి తప్పులు త్వరగా దొరుకుతాయి.

ఆబ్జెక్టులు: డిక్షనరీనా, షేపా?

ప్రతి ఆబ్జెక్టుకూ సొంత హాష్ టేబుల్ ఇవ్వడం సులువు. ఒకే ఫీల్డులున్న వెయ్యి ఆబ్జెక్టులకు అవే పేర్లు వెయ్యిసార్లు రాసుకోవడమే దాని తప్పు. పేర్లు ఏ స్థానంలో ఉన్నాయో చెప్పే షేప్‌ను ఒకసారి తయారుచేసి, ఆబ్జెక్టులో విలువల్ని మాత్రం ఉంచే పద్ధతి 1980ల చివర్లో సెల్ఫ్ భాషలో వచ్చింది. నేటి జావాస్క్రిప్ట్ ఇంజన్లన్నిటికీ ఆధారం అదే. మెమరీ మిగలడం ఒక ఎత్తు. బైట్‌కోడ్ (వర్చువల్ మెషిన్ నడిపే ఆదేశాలు) పక్కనే "గతసారి ఈ షేప్, ఈ స్థానం" అని రాసుకుంటే తర్వాతిసారి ఒక పోలికతో, మెమరీని ఒక్కసారి చదవడంతో ఫీల్డ్ చేతికొస్తుంది. ఈ ఇన్‌లైన్ క్యాష్ రాసే ఉద్దేశం లేకపోతే షేపుల కోసం పడే శ్రమలో సగం వృథా. అప్పుడు డిక్షనరీతోనే ఉండండి.

షేపులకే వెళ్తే, ఫీల్డులు తొలగించే ఆబ్జెక్టుల్ని, వేలాది పేర్లతో డిక్షనరీలా వాడే ఆబ్జెక్టుల్ని షేపుల్లో ఇరికించొద్దు. ప్రతి కొత్త పేరుకూ ఒక కొత్త షేప్ పుట్టి మెమరీ తినేస్తుంది. వాటిని మామూలు హాష్ టేబుల్‌కు మార్చేసే దారి మొదటి వెర్షన్‌లోనే ఉండాలి, ఇన్‌లైన్ క్యాష్ కూడా అలాంటి ఆబ్జెక్టుల్ని గుర్తుపట్టి పక్కన పెట్టాలి.