గండికోటలో గుడారం, సిద్ధవటంలో కోట

గండికోట చూడండి, తప్పకుండా చూడండి. కానీ రాత్రి అక్కడే గుడారంలో పడుకోవాలన్న సరదా ఉంటే మాత్రం, చోటు కళ్లతో చూడకుండా ఫోన్‌లో పైసా పంపకండి. కడప జిల్లాలో మేం చూసింది చాలా ఉంది, అదంతా రాస్తాను. ముందు ఈ కోపం కక్కేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావడం లేదు.

వెళ్లింది నేను, మా ఆవిడ, ఆవిడ నాన్నగారు. మామయ్య తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. ఆయనకు కావలసింది శాసనాలు, పాత కోటలు. మా ఆవిడకు కావలసింది పెన్నా లోయ మీద సూర్యోదయం. నాకు ఈ ఇద్దరూ అలగకుండా ఇంటికి చేరితే చాలు. కాచిగూడలో రాత్రి రైలెక్కి తెల్లారకముందే యర్రగుంట్లలో దిగాం. ముందే మాట్లాడుకున్న కారు వచ్చింది. రోజుకు 2,800, డీజిల్ అందులోనే, డ్రైవర్ బత్తా 300 విడిగా. డ్రైవర్ జమ్మలమడుగు కుర్రాడు. నెమ్మదిగా నడిపాడు, అడిగినచోటల్లా ఆపాడు. కారు గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

మామయ్య పట్టుదల మీద మొదట కలమళ్ల వెళ్లాం. యర్రగుంట్లకు దగ్గరే, థర్మల్ కేంద్రం చిమ్నీలు గుర్తు. "ఆడ ఏముంది సార్, కరెంటు ఫ్యాక్టరీ తప్ప?" అన్నాడు డ్రైవర్. మామయ్యకు చర్రుమంది. ఈ సీమ పాత పేరు రేనాడు. ఆ రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం దొరికింది ఈ ఊరి చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయంలోనే. క్రీ.శ. 575 నాటిదని చరిత్రకారులు లెక్కగట్టారు. రాజుల మాట ప్రాకృతంలో, సంస్కృతంలో తప్ప రాతికెక్కని రోజుల్లో ఈ రేనాటివాళ్లు తెలుగులో చెక్కించారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు చెప్పుకున్న ఆధారాల్లో ఈ ఊరి పేరు ముందుంటుంది. మేం వెళ్లేసరికి గుడికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో చెప్పే మనిషి దొరకలేదు. మామయ్య కటకటాల్లోంచి లోపలికి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. వెళ్దామంటే, "నలభయ్యేళ్లు పిల్లలకు పాఠం చెప్పాను, ఇంకో పది నిమిషాలు నిలబడితే ఏం పోయింది?" అన్నారు. ఇక మాట్లాడలేదు నేను.

గండికోట కోట బంగారం. ఇందులో రెండో మాట లేదు. ఒకవైపు ఎర్రమల కొండను నిలువునా కోసుకుంటూ పోయిన పెన్న, మిగతా వైపుల ఎర్రరాతి గోడ. లోపల ఇప్పటికీ చిన్న ఊరుంది, మేకలు మసీదు మెట్ల మీద పడుకుంటాయి. పెమ్మసాని నాయకుల కోట ఇది. వాళ్ల దగ్గర్నుంచి గోలకొండ సుల్తాను తరఫున సేనాని మీర్ జుమ్లా గుంజుకున్నాడు. 1652లో నగలు అమ్ముకుందామని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఇక్కడికొచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. కాలివేళ్ల మధ్య కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల మధ్య కొన్ని ఇరికించుకుని, ఒక్కొక్కటీ లాగి జవాబు చెప్పి రాయించేవాడట ఆ మీర్ జుమ్లా. ఫిరంగులు పోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించి కరిగించారనీ, గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదనీ కూడా తావెర్నియే రాసిపెట్టాడు. రంగనాథుడి గుడిలో ఇప్పుడు మూలవిరాట్టు లేదు. మామయ్య ఈ కథంతా అక్కడే, ఆ ఖాళీ గర్భగుడి ముందు నిలబడి చెప్పారు. పక్కన సెల్ఫీలు దిగుతున్న కుర్రాళ్లు నలుగురు ఫోన్లు దించి విన్నారు. జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం గోపురం అన్నీ నడిచే దూరంలోనే. మంచి చెప్పులు వేసుకుని, నీళ్లు పట్టుకుని మధ్యాహ్నం మూడుకు వెళ్తే చీకటిపడే లోపు తీరిగ్గా చూడొచ్చు.

ఇక గుడారం సంగతి. ఫోన్‌లో క్యాంపువాళ్లు చెప్పింది ఇదీ: మనిషికి 1,066, ముగ్గురికీ కలిపి 3,200 అనుకోండి, లోయ కనబడే చోటు, చలిమంట, రాత్రి భోజనం, శుభ్రమైన బాత్‌రూమ్. 1,600 ముందే పంపాం. తీరా వెళ్తే ఆ 'క్యాంపు' కోటకు ఇవతల రోడ్డు పక్కన దున్నిన చేను. మట్టిగడ్డల మీద వరసగా ఓ పాతిక నీలం గుడారాలు. లోయ ఎక్కడయ్యా అంటే, ఆ మేనేజరు కుర్రాడు చెయ్యెత్తి చీకట్లోకి చూపించాడు.

"వ్యూ పాయింట్‌కు దగ్గర అంటే దగ్గర అనే గదా సార్. వ్యూలోనే అని యాడ జెప్పినాం?"

దుప్పట్లు అడిగితే ప్యాకేజీలో లేవన్నాడు. ఒక్కోటి 100, ముగ్గురికి 300. డిసెంబరు చలి, ఆ బయలు గాలి, అరవై తొమ్మిదేళ్ల మామయ్య. ఇవ్వక చస్తామా? చలిమంట ఉంది, కట్టెలు లేవు. కట్టెలకు 350. ఫోన్ చార్జింగుకు 20. నీళ్ల సీసా 40 చొప్పున మూడు. ఎమ్మార్పీ ఎంతుంటే నాకేం అన్నట్టు ముఖం పెట్టాడు. ఇన్ని గుడారాలకూ రేకుల బాత్‌రూమ్‌లు రెండు. ఒకదానికి గొళ్లెం లేదు. మా ఆవిడ లోపలికి వెళ్లినప్పుడల్లా నేను తలుపుకు వీపానించి నిలబడ్డాను. అలాగే ఇంకో నలుగురు మొగుళ్లు వాళ్ల వంతు కోసం నిలబడ్డారు. మాకు పరిచయాలు అయ్యింది అక్కడే, అదొక్కటే ఆ రాత్రి లాభం.

భోజనం తొమ్మిదికన్నది పదిన్నరకు వచ్చింది. చల్లారిన చికెన్ బిర్యానీ, శాకాహారులకు అదే అన్నం, ముక్కలు ఏరేసి. అవును, ఏరేసి. మా పక్క గుడారంలోని బెంగుళూరు దంపతులకు అలాగే పెట్టారు, ఆ అమ్మాయి కళ్లనీళ్ల పర్యంతమైంది. ఈలోగా పెద్ద పెద్ద స్పీకర్లు తెచ్చి పాటలు మొదలుపెట్టారు. రాత్రి ఒంటిగంట దాకా అదే మోత. పదిహేడో శతాబ్దంలో కోట ముట్టడి జరిగిన రాత్రి కూడా ఇంకాస్త ప్రశాంతంగా ఉండేదని మామయ్య అన్నారు. నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలేదు. మా ఆవిడ నాతో కాక, గుడారం గుడ్డతో మాట్లాడినట్టు, "మా నాన్నకు ఏమన్నా అయితే..." అని అక్కడితో ఆపేసింది. ఆ వాక్యం పూర్తి చేసి ఉంటే నయం.

పొద్దున సూర్యోదయం బ్రహ్మాండం. లోయ అంచున బండల మీద కూర్చుని చూశాం, మా ఆవిడ ముఖం కొంచెం విప్పారింది. తిరిగొచ్చి లెక్క అడిగాను. 3,200కు పైన దుప్పట్లు, కట్టెలు, నీళ్లు, చార్జింగు కలిపి 790, మొత్తం 3,990. మీరు చెప్పినవాటిలో ఏవి ఇచ్చారో మీరే చెప్పండి అంటే ఓనరుతో మాట్లాడమన్నాడు. ఓనరు ఫోన్ ఎత్తలేదు. అప్పుడు మామయ్య ముందుకొచ్చారు. అరవలేదు. క్లాసులో పలక తేనివాణ్ని అడిగినట్టు, "నీ పేరేమిటి నాయనా? ఏ ఊరు? ఎవరబ్బాయివి?" అని ఒక్కొక్కటే అడిగారు. మూడో ప్రశ్నకు 500 వెనక్కి వచ్చింది. మధ్యాహ్నానికి ఫోన్‌కు ఒక మెసేజ్ కూడా వచ్చింది, ఐదు నక్షత్రాలు ఇస్తే మళ్లీ వచ్చినప్పుడు పది శాతం తగ్గింపట.

నా సలహా: జమ్మలమడుగులోనో కడపలోనో గది తీసుకోండి. సూర్యోదయమే కావాలంటే జమ్మలమడుగు నుంచి నాలుగున్నరకు బయల్దేరితే హాయిగా అందుతుంది. గుడారమే కావాలంటే వెలుతురుండగా వెళ్లి, బాత్‌రూమ్ తలుపు మూసి చూసి, అప్పుడు బేరమాడండి.

కడపలో బస్టాండు దగ్గర లాడ్జిలో రెండు గదులు, ఒక్కోటి 1,100. వేడినీళ్లు, ఉతికిన దుప్పట్లు. మామయ్య పడుకుని సాయంత్రం దాకా లేవలేదు. లేచాక బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లాం. 1820లో కలెక్టరుకు సహాయకుడిగా కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు సేకరించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడీ గ్రంథాలయం. జ్వరం వస్తుందేమోనని మేం భయపడ్డ మామయ్య, అక్కడ అడుగుపెట్టేసరికి ఇరవయ్యేళ్లు చిన్నవారయ్యారు. రాత్రికి కారం దోసె తిన్నాం. ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన బొంబాయి చట్నీ. 45 రూపాయలు. మా ఆవిడ రెండు తింది, నాతో మామూలుగా మాట్లాడింది.

మర్నాడు పొద్దున్నే ఒంటిమిట్ట. మాకు దర్శనం పావుగంటలో అయింది. మండపం స్తంభాలు మాత్రం గంట చూశాం. ఈ గుడిని చూసిన తావెర్నియే కూడా మెచ్చుకుని రాశాడు. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, హనుమంతుడు ఉండడు. ఆయన కలవక ముందటి రాముడని చెబుతారు. ఎదురుగా ఆయనకు వేరే గుడుంది. శిథిలమైన ఈ గుడిని బాగుచేయడానికి కవి వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తారు. పోతన ఇక్కడివాడా, ఓరుగల్లు పక్క బమ్మెరవాడా అన్న తగువు సంగతి నేనెత్తను. మామయ్య ఎత్తారు, పూజారిగారితో ఎత్తారు, అరగంట పట్టింది. ఇద్దరూ నవ్వుతూనే విడిపోయారు.

ఒంటిమిట్ట నుంచి సిద్ధవటం. ఈ ప్రయాణంలో నాకు నచ్చిన చోటంటే ఇదే. గండికోటకు వచ్చే జనంలో నూటికి ఒకరు కూడా ఇటు రారనుకుంటా, మేం తిరిగినంతసేపూ కోటలో మేం కాక ఒక పశువుల కాపరి, ఇద్దరు బడిపిల్లలు. పెన్న ఒడ్డునే కోట. పాత మట్టికోటను మట్లి అనంతరాజు రాతితో కట్టించాడు. ఆయన కవి కూడా. తర్వాత కడప నవాబుల చేతికొచ్చింది. 1779లో హైదర్ అలీ దండెత్తితే నవాబు అబ్దుల్ హలీం ఖాన్ ఈ కోటలోనే తలదాచుకుని, చివరికి ఇక్కడే లొంగిపోయాడు. శ్రీరంగపట్నం తీసుకెళ్లారు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంపిణీకి రాసిచ్చాక, 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రం ఈ ఊరే. వరదొస్తే పెన్న దాటే దారి లేక కలెక్టరు కచేరీ రోజుల తరబడి లోకంతో తెగిపోయేది. దాంతో దొరలు మూట కట్టుకుని కడప పోయారు. శత్రువులు రాకుండా నదిని అడ్డం పెట్టుకుని కట్టిన కోటలో కలెక్టరాఫీసు పెడితే, ఆ నది టపాను కూడా రానివ్వలేదన్నమాట.

ద్వారం దగ్గర చెక్కడాలను నిదానంగా చూడండి. లోపల సిద్ధేశ్వరాలయం, మసీదు, దర్గా. నది వైపు గోడెక్కితే కింద ఇసుక, సన్నగా నీళ్లు, అవతల కొండలు. మామయ్య బురుజు నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చుని, "అల్లుడూ, గుడారం ఇక్కడ వేయాల్సింది" అన్నారు. గండికోట తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అది.

మధ్యాహ్నం దాటాక రోడ్డు పక్కన పూరిపాక హోటల్లో ఆగాం. రాగిసంగటి ముద్ద, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి. సంగటి వేడికి వేళ్లు కాలుతుంటే, నడుమ గుంట చేసి పులుసు పోయమని చూపించింది వడ్డించే పెద్దావిడ. "నమలగాకు నాయనా, మింగల్ల" అంది. డ్రైవర్‌తో కలిపి నలుగురికి 560, రెండోసారి పులుసు అడిగితే ఊరికే పోసింది. పక్క బల్ల మీదాయన కలివికోడి ముచ్చట చెప్పాడు. లోకంలో ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో మళ్లీ దొరికింది ఈ పక్క అడవుల్లోనే. దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. చూశారా అని అడిగితే, "రాత్రిపూట తిరిగే పిట్ట సార్ అది, మేమాడ జూస్తాం?" అన్నాడు.

సిద్ధవటంలో రాత్రి ఉండటానికి మాకు తగిన బస కనబడలేదు, కడపలో దిగి పొద్దున వచ్చి సాయంత్రం పోవడమే మేలు. ఒంటిమిట్ట కల్యాణం శ్రీరామనవమి రోజున కాదు, ఆ తర్వాత పున్నమి రాత్రి చేస్తారు. ఆ రోజుల్లో ఇటు వస్తే కడప లాడ్జీల్లో 1,100కు గది ఆశించకండి, ముందే మాట్లాడుకోండి. పుష్పగిరి మిగిలిపోయింది, మామయ్య అప్పుడే తారీఖులు అడుగుతున్నారు.