కబడ్డీ మోకాలికి ఏ గ్రాఫ్ట్ మేలు: చిప్ప కిందిదా, తొడ వెనకదా?

హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మ్యాట్ మీదైనా, ఊళ్లో సంక్రాంతి టోర్నీలోనైనా, మోకాలు మెలిపడి ‘టప్’మని చప్పుడొచ్చి, కాసేపటికే బుస్సున వాచిందంటే ముందు అనుమానించాల్సింది ఏసీఎల్‌నే. మనవాళ్లు ‘నరం తెగింది’ అంటారు గానీ అది నరం కాదు, తొడ ఎముకను కింది ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్. మళ్లీ కూతకు పోవాలంటే సాధారణంగా ఆపరేషనే దారి. పాతదాన్ని కుట్టడం అరుదు; ఆటగాడి కాలి నుంచే ఇంకో స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తీసి ఆ చోట బిగిస్తారు. దాన్నే గ్రాఫ్ట్ అంటారు. ఎక్కడి నుంచి తీయాలన్నది ఆపరేషన్ బల్ల ఎక్కకముందే తేల్చుకోవాలి.

మన దగ్గర ఎక్కువగా తీసేది తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ స్నాయువులు రెండు. వాటిని నాలుగు పేటలుగా మడుస్తారు. కోత చిన్నది, చిప్ప ముందు నొప్పి తక్కువ. చిక్కంతా మందంలో ఉంది. 8 మిల్లీమీటర్లకు తగ్గితే, అందులోనూ 20 ఏళ్ల లోపు కుర్రాళ్లలో, మళ్లీ తెగే ప్రమాదం పెరుగుతుంది. సన్నగా, పొట్టిగా ఉండే రైడర్లకు స్నాయువులూ సన్నగానే దొరకవచ్చు. ‘7 మిల్లీమీటర్లే వస్తే ఏం చేస్తారు సార్?’ అని ముందే అడగాలి. ఇంకో మడత వేస్తామనో, మోకాలి బయటి పక్కన ఎల్‌ఈటీ అనే అదనపు కట్టు వేస్తామనో జవాబు రావాలి. 618 మంది యువతీ యువకులపై చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, ఉత్త హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ రెండేళ్లలో 11 శాతం మందికి తెగితే, ఎల్‌ఈటీ తోడైన వాళ్లలో 4 శాతమే.

రెండోది చిప్ప కింది స్నాయువు. మధ్యలోంచి సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని రెండు కొసల్లో ఎముక ముక్కలతో సహా తీస్తారు. ఎముక ఎముకతో అతుక్కోవడానికి సుమారు 6 వారాలు చాలు. ఒట్టి స్నాయువు ఎముకలో పట్టు దొరకబుచ్చుకోవాలంటే 8 నుంచి 12 వారాలు. కుర్రాళ్లలో మళ్లీ తెగడమూ దీనికి కొంచెం తక్కువే. కానీ మోకాళ్ల మీద ఆనితే నొప్పి ఏళ్ల తరబడి ఉండవచ్చు. తొడ ముందు కండరం తేరుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. మొదటి రెండు వారాల్లో కాలు పూర్తిగా చాపడం రాబట్టకపోతే ఆ తర్వాత కుంటు వదలకపోవచ్చు.

కాబట్టి ఆటగాడి స్థానాన్ని చూడాలి. రైడర్ టో టచ్ వేసి (కాలి వేళ్లతో ఎదుటివాణ్ని తాకి), మధ్య గీతకు ఉరకాలి. ఆ పనికి హ్యామ్‌స్ట్రింగ్ ప్రాణం, పైగా ఆ కండరమే ఏసీఎల్‌కు అండ. అందుకే దాన్ని కదపకుండా అతనికి చిప్ప కిందిది తీయడం మేలు. కార్నర్‌లో యాంకిల్ హోల్డ్‌కు (రైడర్ చీలమండ పట్టుకోవడానికి) రోజూ మోకాళ్ల మీద దూకేవాడికి హ్యామ్‌స్ట్రింగ్, దానికి ఎల్‌ఈటీ జోడించడం నయం. నమాజుకు, పూజకు, ఇంటి పనికి మోకాళ్లూనే వాళ్లకూ ఇదే లెక్క. చీలమండ పక్కనుంచి తీసే పెరోనియస్ గ్రాఫ్ట్ కూడా ఉంది; పాదం మీదే తిరిగే రైడర్‌కు అది మొదటి ఎంపిక కాకూడదు.

హ్యామ్‌స్ట్రింగ్ తీసినవాళ్లు రెండు మూడు వారాలకే నొప్పి తగ్గిందని కింద పడ్డ వస్తువు కోసం చటుక్కున వంగితే తొడ వెనక కలుక్కుమంటుంది. 6 నుంచి 8 వారాల దాకా ఆ కండరం మీద బరువు కట్టి కాలు మడిచే వ్యాయామం వద్దు.

ఏ గ్రాఫ్టయినా, జులైలో ఆపరేషనై సంక్రాంతికి ఆడతానంటే అది 6 నెలలు. ఏప్రిల్ దాకా ఆగాలి. 106 మందిని రెండేళ్లు గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, 9 నెలల దాకా ఆగిన ఒక్కో నెలకూ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం సుమారు సగానికి తగ్గింది. నెలలు ఒక్కటే చాలవు. తొడ ముందు కండరం బలం, ఒంటికాలి గెంతు దూరం రెండూ మంచి కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. ఇందులో ఒక మోసం ఉంది: ఇన్ని నెలల్లో మంచి కాలూ బలం తగ్గుతుంది. దాని బలాన్ని ఆపరేషన్‌కు ముందే కొలిచి రాసి పెట్టుకోవాలి. గెంతు దూరం సరిపోయినా తొడ బలం వెనకబడే ఉండవచ్చు.

నాలుగో నెల ప్రాంతంలో, వాపు లేకుండా ఉంటే, తిన్నగా ఉరకడం మొదలుపెట్టవచ్చు. మలుపులు, ఆగి తిరగడం ఆరో నెల నుంచి. ముందు మెత్తటి మట్టి కోర్టులో ఒట్టి కాళ్లతో, ఆ తర్వాతే బూట్లతో మ్యాట్ మీద. మ్యాట్ మీద బూటు పట్టేసి పాదం జారదు, అప్పుడు మెలిక నేరుగా మోకాలికే వెళ్తుంది. ఇంకొకరిని పట్టడం, ఇంకొకరి పట్టుకు చిక్కడం అన్నిటికన్నా ఆఖరున.